నేరం నల్లాది కాదు

ఇప్పుడు హైదరాబాదులో ఎవరింటికి వెళ్లినా మంచినీళ్ల గ్లాసుతో పాటు ఒక హామీ కూడా చేతికిస్తారు: "ఫిల్టర్ నీళ్లేనండీ." ఆ మాట చెవిన పడ్డాకే అతిథి గ్లాసు ఎత్తుతాడు. నల్లా నీళ్లు ఇచ్చారంటే మర్యాదలో లోటు చేసినట్టే. మధ్యతరగతి ఇళ్లలో ఇది వాదనకు వచ్చే విషయంగా కూడా మిగల్లేదు. నల్లా నీళ్లు గిన్నెలు తోముకోవడానికి, బట్టలు ఉతుక్కోవడానికి. తాగడానికైతే గోడకు ఆర్వో మిషనో, గుమ్మంలో ఇరవై లీటర్ల క్యానో ఉండాల్సిందే. పసిపిల్లలున్న ఇంట్లో నల్లా నీళ్లు తాగుతామంటే బంధువులు అదోలా చూస్తారు.

ఈ నమ్మకం తప్పని నా వాదన. నగరానికి వచ్చే నీళ్లు మంచివి. శుద్ధి చేసిన చోట మంచివి, చాలా కాలనీల్లో గేటు దాకా కూడా మంచివే. అవి చెడిపోయేది రెండు చోట్ల. సరఫరా లేని గంటల్లో ఖాళీగా పడివుండే వీధి పైపులో ఒకసారి, గేటు దాటాక మన సంపులో, మన ట్యాంకులో మరోసారి. ఆర్వో ఈ రెంటిలో దేన్నీ బాగుచేయదు. పైగా దాన్ని కొనుక్కున్న ఇల్లు, బాగుచేయించే పని నుంచి పక్కకు తప్పుకుంటుంది. క్యాన్ల వ్యాపారం బతికేదే ఆ తప్పుకోవడం మీద.

అసలు నల్లాలో వచ్చేవి ఎక్కడి నీళ్లని అడిగి చూడండి. "చెరువుల్లోవేగా", "మూసీవేమో" అనేవాళ్లు చదువుకున్నవాళ్లలోనూ బోలెడుమంది. నాగోలు వంతెన మీద ముక్కు మూసుకుని పోతూ కింద నురగలు కక్కుతున్న ఆ నీళ్లే ఇంటికొస్తాయనుకుంటే భయపడక ఏం చేస్తారు? మూసీ మీద ఆధారపడ్డ రోజులూ లేకపోలేదు, కానీ అది నగరానికి ఎగువన. 1908 సెప్టెంబరు వరద నగరాన్ని ముంచేసి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాల మీద మూసీకి అడ్డంగా ఉస్మాన్‌సాగర్‌ను 1920లో, ఈసీ నదికి అడ్డంగా హిమాయత్‌సాగర్‌ను 1927లో కట్టారు. వరదను ఆపడానికి కట్టినవి నగరం దాహం తీర్చాయి. గండిపేట అని జనం పిలిచే ఆ ఉస్మాన్‌సాగర్ నీళ్లు మోటరు అక్కర్లేకుండా వాలు మీదే కాలువగుండా ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదిలిపోడని పాతబస్తీలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అలా చెప్పుకున్నవాళ్లు తాగింది నల్లా నీళ్లే.

ఊరు పెరిగి ఆ రెండూ చాలక మంజీరకు పోయాం. 1965లో మొదలై 1993 దాకా నాలుగు దశల్లో మంజీర బ్యారేజీ నుంచి, సింగూరు నుంచి నీళ్లొచ్చాయి. అవీ చాలలేదు. 2004లో కృష్ణా తొలి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది వచ్చాయి. నాగార్జునసాగర్ నీళ్లు అక్కంపల్లి రిజర్వాయరుకు చేరి, కోదండాపురంలో శుద్ధయి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఎక్కుతూ దిగుతూ నగరానికి వస్తాయి. మూడు దశలూ కలిపి రోజుకు 27 కోట్ల గ్యాలన్లు, అంటే దాదాపు 120 కోట్ల లీటర్లు. ఆ తర్వాత శ్రీపాద ఎల్లంపల్లి నుంచి గోదావరి. కూకట్‌పల్లిలో నల్లా తిప్పినవాడు మంచిర్యాల పక్కన పారే నదిని ఇంట్లోకి తెచ్చుకుంటున్నాడు. తాగే నీళ్ల కోసం ఇంత దూరం, ఇంత ఎత్తు పంపింగు చేసే నగరాలు దేశంలో ఎక్కువ లేవు. అలా తెచ్చిన నీళ్లతో మనం కార్లు కడిగి, తాగడానికి పక్క సందులో బోరు నీళ్లు కొనుక్కుంటున్నాం.

శుద్ధి చేసే చోట ఏం జరుగుతుందో ఒక్కసారి చూసినవాళ్లకు నల్లా మీద ఇంత చిన్నచూపు ఉండదు. వర్షాకాలంలో నది నీళ్లు టీ రంగులో వస్తాయి. వాటిలో పటిక ద్రావణం కలుపుతారు. ఎంత కలపాలన్నది ఊహించి పోసే లెక్క కాదు. ల్యాబులో ఆరు బీకర్లు వరుసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు పటిక వేసి, చిన్న తెడ్లతో తిప్పి, ఏ బీకరులో మట్టి పింజల్లా గుంపుకట్టి త్వరగా అడుక్కు దిగిందో చూసి ఆ పూట మోతాదు తేలుస్తారు. ఎగువన వాన పడి నీటి రంగు మారితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పెద్ద గుండ్రటి తొట్లలో మట్టి దిగాక పైనీళ్లు ఇసుక పరుపుల్లోంచి వడిసిపోతాయి. చివర క్లోరిన్. దారిలో రిజర్వాయర్ల దగ్గర మరికొంచెం క్లోరిన్. ఇందులో కొత్త విద్యేమీ లేదు, వందేళ్లకు పైగా ప్రపంచమంతటా కలరాను, టైఫాయిడ్‌ను నగరాల నుంచి తరిమిన పద్ధతే ఇది.

ఆ క్లోరినే ఇప్పుడు నల్లా మీద మొదటి ఫిర్యాదు. "మందు వాసన వస్తోంది, ఈ నీళ్లు తాగలేం." భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల అవశేష క్లోరిన్ ఉండాలి. దారిలో ఎక్కడైనా సూక్ష్మజీవి చొరబడితే దాని పని పట్టడానికి మిగిల్చిన బలం అది. వాసన వస్తోందంటే కాపలా ఇంకా ఉందని అర్థం. బిందె మూత తీసి అరగంట ఉంచితే వాసన చాలావరకు పోతుంది. వాసన రాని నీళ్ల గురించే అనుమానపడాలి. మనం సరిగ్గా దానికి తలకిందులుగా చేస్తున్నాం: కాపలా ఉన్న నీటిని పారబోసి, కాపలా లేని నీటిని "స్వీట్‌గా ఉన్నాయి" అంటూ తాగుతున్నాం.

రెండో ఫిర్యాదు టీడీఎస్. పదిహేనేళ్ల కిందట ఈ మాట కెమిస్టులకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు వాచ్‌మన్ కూడా "సార్, మనది నాలుగువందలు" అంటున్నాడు. ఈ చదువు చెప్పింది ప్రభుత్వం కాదు, బడి కాదు, ఫిల్టర్లు అమ్మే సేల్స్‌మన్. అతని చేతిలోని పెన్నులాంటి మీటరు కొలిచేది ఒకటే, నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందని. దాన్నిబట్టి కరిగివున్న లవణాలు ఎన్నో అంచనా కట్టి అంకె చూపిస్తుంది. ఆ లవణాల్లో ఎక్కువ భాగం కాల్షియం, మెగ్నీషియం, సోడియం, బైకార్బొనేట్లు. అదే పెన్ను కొబ్బరిబోండంలో ముంచితే వేలల్లో చూపిస్తుంది. బోండం విషమా? కలరా క్రిములున్న గ్లాసులో ముంచితే ఆ క్రిముల వల్ల అంకె అంగుళం కదలదు. సీసం హాని చేసే మోతాదులో ఉన్నా పురుగుమందు ఉన్నా ఆ పెన్నుకు పట్టదు. నీళ్లు రుచిగా ఉంటాయా, పాత్రలకు తెల్లటి పొర కడుతుందా అన్నది మాత్రం కాస్త చెబుతుంది. మన ప్రమాణం టీడీఎస్‌కు పెట్టిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేని చోట 2000 దాకా సహిస్తుంది. నగరానికొచ్చే నది నీళ్లు మామూలుగా ఆ 500 లోపే ఉంటాయి.

పెన్నుకు లొంగని ఇంటికి రెండో అస్త్రం తీస్తారు. మా అపార్టుమెంటు సెల్లారులో ఆ ప్రదర్శన చూశాను. రెండు గాజు గ్లాసులు, ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఒకదాంట్లో ఆర్వో నీళ్లు. నాలుగు కడ్డీలున్న చిన్న పరికరం రెంటిలోనూ ముంచి స్విచ్ వేశాడు కుర్రాడు. అర నిమిషంలో నల్లా గ్లాసు ఆకుపచ్చగా, ఆ తర్వాత నల్లగా, మడ్డి తేలుతూ మారిపోయింది. ఆర్వో గ్లాసు మాత్రం తేటగా అలాగే ఉంది. చుట్టూ నిలబడ్డవాళ్లు "అమ్మో" అన్నారు. ఒకావిడ అక్కడికక్కడే అడ్వాన్సు తీయబోయింది. రెండో అంతస్తులో ఉండే రిటైర్డు కెమిస్ట్రీ లెక్చరరు గారు మాత్రం పైకి వెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చి ఆర్వో గ్లాసులో వేసి, "ఇప్పుడు పెట్టు నాన్నా" అన్నారు. ఈసారి ఆర్వో గ్లాసు నల్లా గ్లాసు కంటే తొందరగా నల్లబడింది. కడ్డీల్లో రెండు ఇనుపవి. లవణాలున్న నీళ్లలో కరెంటు పారి ఆ ఇనుము కరిగి తుప్పై తేలుతుంది. లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటే పారదు కాబట్టి తుప్పూ లేదు. అంటే మనం చూసి భయపడ్డ మురికి నీళ్లలోది కాదు, అతను సంచిలో తెచ్చుకున్న కడ్డీలది. కుర్రాడు నవ్వి సామాను సర్దుకున్నాడు. వాణ్ని తిట్టి లాభం లేదు, నెల టార్గెట్టు వాడిది. కానీ ఇంత చవకబారు గారడీ మీద ఒక తరం నమ్మకం నిలబడింది.

ఆర్వోకు చోటు లేదని నేననడం లేదు. ఫ్లోరైడు బోరు తప్ప గతి లేని ఊళ్లో, సముద్రం పక్కన ఉప్పునీళ్లు పడ్డ చోట అది ఉండి తీరాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో చెప్పిందీ ఇదే: టీడీఎస్ 500 దాటని చోట ఆర్వో వాడకాన్ని నిషేధించండి, అనుమతించే చోట కూడా కనీసం 60 శాతం నీళ్లు దక్కేలా చూడండి అని పర్యావరణ శాఖను ఆదేశించింది. కంపెనీల సంఘం సుప్రీంకోర్టుకు పరుగెత్తింది. ఇళ్లలో ఉండే మామూలు మిషన్లు గ్లాసుడు నీళ్లిచ్చి రెండు మూడు గ్లాసులు మోరీలోకి వదులుతాయి. నాగార్జునసాగర్ నుంచి ఎత్తిపోసుకుంటూ తెచ్చుకున్న నీళ్లకు ఇది జరుగుతోంది. అలాగని, ఆర్వో నీళ్లు తాగితే ఎముకలు గుల్లవుతాయి, మోకాళ్లు పోతాయి అని వాట్సాప్‌లో భయపెట్టేవాళ్లతోనూ నాకు పొత్తు లేదు. ఖనిజాలు ఎక్కువగా తిండిలోంచే వస్తాయి. ఒక భయాన్ని కొట్టడానికి ఇంకో భయాన్ని పెంచడమెందుకు?

ఇక అసలు జబ్బుల సంగతి. నల్లా నీళ్లు చెడవని చెప్పేవాడు అబద్ధాలకోరు. 2009 మేలో భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నీళ్లు తాగి పదిమందికి పైగా చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. 2018 మార్చిలో గుంటూరులో అతిసారం ప్రాణాలు తీసింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ "చూశారా, నల్లా నీళ్లు తాగితే ఇంతే" అంటారు. నేను చూసేది ఇంకోటి. భోలక్‌పూర్‌లో పోయినవాళ్లు కృష్ణా నీళ్లు చెడ్డవై పోలేదు. నీటి పైపులోకి డ్రైనేజీ వచ్చినందుకు పోయారు. అది ఎందుకొచ్చింది, ఎలా వస్తుంది అన్నది తెలుసుకుంటే ఆర్వో వాదం మొత్తం పక్కకు ఒరిగిపోతుంది.

మన నగరాల్లో నీళ్లు రోజంతా రావు. చాలా కాలనీల్లో రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో. వాల్వ్ తిప్పినంతసేపు పైపు నిండా ఒత్తిడి ఉంటుంది, ఆ ఒత్తిడికి చిల్లుల్లోంచి నీళ్లు బయటికి కారతాయి తప్ప బయటిది లోపలికి రాదు. వాల్వ్ కట్టేశాక మిగిలిన నలభై ఆరేడు గంటలూ పైపు ఖాళీ. పక్కనే, కొన్నిచోట్ల దానికి పైనే, పాత డ్రైనేజీ లైను కారుతూ ఉంటుంది. ఖాళీ పైపు ఆ తడిని లోపలికి లాక్కుంటుంది. మళ్లీ నీళ్లు వదిలిన మొదటి ఐదు పది నిమిషాలు రంగు తేడాగా వచ్చేది అందుకే. ఇక దీనికి మనం చేస్తున్న సాయం చూడండి. ప్రెషర్ రావడం లేదని నల్లా లైనుకే నేరుగా మోటరు బిగిస్తాం. మోటరు వేసిన మరుక్షణం వీధి పైపులో పీడనం పడిపోయి, ప్రతి చిల్లూ ఒక నోరై బురదను పీలుస్తుంది. పక్కింటివాడి వంతు నీళ్లతో పాటు ఎదురింటి మోరీని కూడా మనమే లాగుతున్నాం. నగర నీటి సరఫరా సంస్థ జలమండలి సిబ్బంది వచ్చి మోటరు పట్టుకుపోతే కార్పొరేటరుకు ఫోన్ చేయించి విడిపించుకుంటాం. సాయంత్రం బాల్కనీలో కూర్చుని "ఈ నీళ్లు ఏం తాగుతామండీ" అంటాం.

రెండో జబ్బు మరీ దగ్గరిది. ఏ పాత అపార్టుమెంటులోనైనా సరే కిందికి వెళ్లి సంపు మూత ఎత్తించండి. మూత సాధారణంగా పార్కింగులో, నేలకు సమంగా, అంచు విరిగి ఉంటుంది. కారు కడిగిన నీళ్లు, పెట్రోలు జిడ్డుతో సహా, ఆ విరిగిన అంచులోంచే దిగుతాయి. రెండడుగుల దూరంలో డ్రైనేజీ ఛాంబరు. లోపల తుప్పుపట్టిన ఇనుప మెట్లు, గోడకు నీటిమట్టం దగ్గర వేలితో గీస్తే వచ్చే గోధుమరంగు జిగురు, అడుగున మూడేళ్ల మడ్డి. ఇవి కాక అసలు వింత, ఆ ఒక్క సంపులోకే మూడు దారులు కలుస్తాయి. ఒకటి మంజీర లైను, ఒకటి బోరు, ఒకటి వేసవిలో ట్యాంకరు గొట్టం. బోరు టీడీఎస్ వెయ్యి దాటి ఉంటుంది. మూడూ కలగలిసి పై ట్యాంకుకు ఎక్కుతాయి, అక్కడ మూత గాలికి ఎగిరిపోయి పావురాలు కాపురం పెట్టి ఉంటాయి. క్లోరిన్ బలమేదైనా మిగిలివుంటే ఈ ప్రయాణంలో హరించుకుపోతుంది. అప్పుడు ఐదో అంతస్తు వంటింట్లో కుళాయి కింద గ్లాసు పెట్టి, పెన్ను ముంచి, "చూశారా, జలమండలి నీళ్లు ఎనిమిదొందలు" అని తీర్పు చెబుతాం. ఆ గ్లాసులో జలమండలి నీళ్లెన్ని? మనం తిడుతున్నది మన మెయింటెనెన్సు కమిటీని, పేరు మాత్రం సర్కారుది.

సరే, ఎక్కడ చెడినా చివర్లో ఆర్వో బాగుచేస్తుందిగా అంటారు. సరిగ్గా సర్వీసు చేయించిన మిషన్ క్రిముల్ని ఆపుతుంది, కాదనను. కానీ ఏ గ్లాసులో? వంటింట్లో ఒక మూల ఒక గొట్టం కింద పట్టిన గ్లాసులో. అదే ఇంట్లో పిల్లలు పళ్లు తోముకుని పుక్కిలించేది సంపు నీళ్లతో. కొత్తిమీర, టమాటా, ద్రాక్ష కడిగేది సంపు నీళ్లతో. ఆర్వో నీళ్లు పోసుకునే గ్లాసు తొలిచేదీ సంపు నీళ్లతోనే. డ్రైనేజీ కలిసిన రోజున ఆ మిషన్ మనల్ని ఏం కాపాడినట్టు? సంపు శుభ్రంగా ఉంటే ఇంట్లో అన్ని కుళాయిలూ శుభ్రంగా ఉంటాయి, ఇందులో లెక్కలు వేయాల్సిందేమీ లేదు.

క్యాన్ల కథ ఇంకా పలచన. సీలు, లైసెన్సు, ఐఎస్ 14543 ముద్ర ఉన్న సరుకు వేరు. గల్లీల్లో ట్రాలీ ఆటో మీద తిరిగే నీలం క్యాన్లలో ఎక్కువ భాగానికి ఆ మూడూ ఉండవు. ఒక షెడ్డు, ఒక బోరు, ఒక ఆర్వో స్కిడ్డు. నది నీళ్లు కాదని మనం కొంటున్నది భూగర్భ జలం, అదీ మన కాలనీ కిందిదే. క్యాను లోపల చివరిసారి ఎప్పుడు కడిగారు, దేనితో కడిగారు, ఎవరూ అడగరు. నింపాక అందులో క్లోరిన్ ఉండదు కాబట్టి చిన్న పొరపాటు జరిగినా క్రిములకు అడ్డు లేదు. కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2024 నవంబరులో సీసా నీళ్లను అధిక ప్రమాదమున్న ఆహారాల జాబితాలో చేర్చింది. ఊరికే చేర్చలేదు కదా.

"సీసా నీళ్లకైతే చట్టం ఉంది, నల్లాకు ప్రమాణం సలహా మాత్రమే" అనే వాదం ఒకటుంది. ఇది మాత్రం గట్టిది, నిజం కూడా. నల్లా నీళ్లు ఐఎస్ 10500కు తూగకపోతే శిక్షించే చట్టం లేదు. 2019 నవంబరులో అప్పటి కేంద్ర మంత్రి రామ్ విలాస్ పాసవాన్ రాజధాని నగరాల నల్లా నీళ్ల పరీక్షా ఫలితాలు బయటపెట్టినప్పుడు ఢిల్లీ నమూనాలు పదకొండూ తప్పాయి, ముంబై నమూనాలు పదీ నెగ్గాయి. ముంబై వెనకాల హైదరాబాదు, భువనేశ్వర్ ఒకటీ అరా లోపాలతో నిలిచాయి. దీన్నుంచి క్యాను కొనుక్కోవాలన్న నీతి ఎలా వస్తుందో నాకు అర్థం కాదు. ఇళ్ల కుళాయిల్లో పట్టిన నీళ్లే ఒక మహానగరంలో అన్ని పరీక్షలూ నెగ్గాయంటే, అది భారతదేశంలో చేతనయ్యే పనే. చట్టం లేకపోతే చట్టం అడగాలి. పాసవాన్ దాన్ని తప్పనిసరి చేయాలని గట్టిగానే అన్నారు, ఆయన వెనక నిలబడి అరిచే జనం లేకపోయారు. అరవగల గొంతున్న జనమంతా అప్పటికే ఫిల్టర్లు బిగించుకున్నారు.

అరిచిన జనం మన దగ్గరే ఉన్నారు, నల్గొండలో. బోరు నీళ్లలో ఫ్లోరైడు నడుములు వంచేసి, కాళ్లు మెలిపెట్టి, పాతికేళ్లవాళ్లను ముసలివాళ్లను చేసిన జిల్లా అది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు అక్కడ దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఫ్లోరైడు తీసే "నల్గొండ పద్ధతి" అని పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో చేసే విధానానికి 1970లలో నాగపూర్‌లోని నీరి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు ఆ జిల్లా పేరే పెట్టారు. పేరు లోకమంతా పాకింది, ఊళ్లో నీళ్లు మారలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపు మీద నల్గొండ స్థానానికి 480 మంది పోటీకి దిగారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది, ఎన్నికల సంఘం తల పట్టుకుంది. వాళ్లు అడిగింది తలా ఒక ఫిల్టరు కాదు, కృష్ణా నీళ్లు. కృష్ణ వాళ్ల జిల్లా అంచునే పారుతుంది, హైదరాబాదుకు పోయే పైపులు వాళ్ల పొలాల మధ్యనుంచే వెళ్లాయి. ఆ తర్వాత మిషన్ భగీరథ దాకా అడుగడుగునా పోరాడి నది నీళ్లను నల్లాలోకి తెచ్చుకున్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ అంతే. కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదని ఇప్పటికీ తేలకపోయినా, బోరు మాన్పించి వంశధార నీళ్లు హిరమండలం రిజర్వాయరు నుంచి ఇంటింటికీ ఇవ్వాలన్న మాట మీద నిలబడితే 2023 డిసెంబరుకు పథకం ప్రారంభమైంది. నల్లా నీళ్ల విలువ అది లేనివాడికి తెలిసింది. ఉన్నవాడు ఆ నీళ్లతో పార్కింగు కడిగిస్తున్నాడు.

ఇంటింటికీ నల్లా రోజంతా వచ్చి నేరుగా తాగగలిగేలా ఉండటం మనలాంటి దేశాలకు కుదిరే పని కాదనేవాళ్లు కంబోడియా రాజధాని నోమ్ పెన్‌ను చూడాలి. యుద్ధాలతో చితికిపోయిన ఆ ఊళ్లో 1993లో పైపుల్లోకి వదిలిన నీళ్లలో 72 శాతం లెక్కాపత్రం లేకుండా పోయేది. ఎక్ సోన్ చాన్ అనే ఇంజనీరు పగ్గాలు పట్టాడు. లీకులు మూయించాడు, ఇంటింటికీ మీటరు బిగించాడు, డబ్బు కట్టని సైనికాధికారుల కనెక్షన్లూ కోయించాడు. ఒక జనరల్ ఆయన తలకు తుపాకీ గురిపెట్టాడన్నది అక్కడందరికీ తెలిసిన కథే. పదిహేనేళ్లు తిరిగేసరికి నష్టం పదిశాతం లోపుకు దిగింది, రోజంతా నీళ్లొచ్చాయి, నేరుగా తాగేలా వచ్చాయి. మన దగ్గర పూరీ 2021 జులైలో నల్లా దగ్గరే తాగే నగరంగా ప్రకటించుకుంది. ఇరవైనాలుగు గంటలూ ఒత్తిడి ఉంటే పైపు ఖాళీ ఉండదు, ఖాళీ లేకపోతే మురుగు రాదు, రోజంతా వచ్చే నీళ్లకు సంపే అక్కర్లేదు. రెండు జబ్బులకూ ఒకటే మందు. దానికి డబ్బు కావాలి, పాత పైపులు తీసి కొత్తవి వేయాలి. మనమేమో 2020 డిసెంబరు నుంచి నెలకు ఇరవై వేల లీటర్లు ఉచితం చేసుకున్నాం. బస్తీలో ఉన్నవాళ్లకు ఉచితం సరే. నెలకు వెయ్యి రూపాయల క్యాన్లు కొనే ఇంటికి నల్లా బిల్లు మాఫీ ఏ లెక్కన? ఆ ఇరవై వేల లీటర్లూ క్యాను ముప్పై రూపాయల చొప్పున కొంటే ముప్పై వేలు. ఇంకోపక్క గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ పదికిలోమీటర్ల మేర నిర్మాణాల కట్టడికి 1996లో తెచ్చిన 111 జీవో ఆంక్షలను 2022లో ఎత్తేస్తే, భూముల రేట్లు పెరుగుతాయని సంబరపడ్డది కూడా ఈ ఫిల్టరు నీళ్లు తాగే వర్గమే.

"అంతా బాగుపడేదాకా ఏం తాగమంటారు మరి?" అనే ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. అనుమానం ఉన్న రోజు, నీళ్లు రంగు మారిన రోజు, ఇంట్లో పసిబిడ్డో జబ్బుమనిషో ఉన్నప్పుడు మరగబెట్టుకుని తాగండి. బాగా తెర్లి ఒక నిమిషం ఉంటే చాలు, క్రిములు చస్తాయి. నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాలు సంపులోకి పట్టకండి. లైన్‌మ్యాన్ దగ్గర క్లోరిన్ చూసే చిన్న గాజు గొట్టం, చుక్కల మందు ఉంటాయి. మన గేటు దగ్గర ఒకసారి పరీక్ష పెట్టమనండి, పసుపు రంగు తేలితే క్లోరిన్ ఉన్నట్టు. ఆ తర్వాత అదే పరీక్ష ఐదో అంతస్తు వంటింట్లో పెట్టించండి. రెండు రంగులకూ తేడా ఎంత ఉందో అంత తప్పు మనది. గేటు దగ్గరే రంగు రాకపోతే 155313కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు తీసుకుని, తేలేదాకా వదలకండి.

జలమండలినీ వదలక్కర్లేదు. ఎక్కడెక్కడ ఎంత క్లోరిన్ ఉందో వాళ్లు రోజూ చూసుకుంటారు. ఆ అంకెలు ఆఫీసు రిజిస్టర్లలో దాచుకోకుండా ప్రతి సెక్షన్ ఆఫీసు గోడ మీద కాలనీలవారీగా రాసిపెట్టాలి. మంచినీటి పథకాల ప్రారంభోత్సవాల్లో వేదిక మీది బల్ల మీద ప్లాస్టిక్ సీసాలు తీసేసి ఆ పథకం నీళ్లే జగ్గుల్లో పెట్టాలి. తాము కట్టిన పథకం నీళ్లు తామే తాగని ఇంజనీర్లను, మంత్రులను చూసి జనం ఏం నేర్చుకుంటారు?

ఇక అసోసియేషన్ల పని. వంద ఫ్లాట్ల సముదాయంలో ఇంటికి రోజుకొక క్యాను, క్యాను ముప్పై రూపాయలు అనుకుంటే ఏడాదికి దాదాపు పదకొండు లక్షలు ఆటోవాలా పట్టుకెళ్తున్నాడు. నల్లా నీళ్లకు బోరు కలవని విడి సంపు, పైన మూత బిగిసే చిన్న ట్యాంకు, అక్కడినుంచి ప్రతి వంటింటికీ ఒక్క విడి పైపు వేయించడం చాలాచోట్ల ఏడాది రెండేళ్ల క్యాన్ల డబ్బులో తేలిపోయే పని. ఆరు నెలలకోసారి సంపు కడిగించే ఖర్చు మెయింటెనెన్సులో కనబడను కూడా కనబడదు. వచ్చే జనరల్ బాడీలో పార్కింగు గొడవ మొదలుకాక ముందే ఈ అంశం ఎత్తండి, మొదటి తీర్మానంగా సంపు మూత తీయించి అందరినీ ఒకసారి లోపలికి తొంగిచూడమనండి.